వందేళ్ళ నాటి మా పిల్లల హోమ్ గోడకి సిమెంటు పూశాం, ఊడిపోతోంది. పడగొట్టాలా, బాగుచేసుకోవాలా?

గోదారిగట్టు
నేను మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పెరిగిన హోమ్ గురించి ఈ పోస్టు. ఊరి పేరు, హోమ్ పేరు రాయను, లోపల ఇప్పటికీ 22 మంది పిల్లలున్నారు కాబట్టి. గోదావరి డెల్టాలో ఒక చిన్న టౌను అనుకోండి. పునాది రాయి మీద ఏడాది అరిగిపోయింది కానీ వందేళ్ళు దాటిందని ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అంటారు. రెండడుగుల మందం ఇటుక గోడలు, భోజనాల హాలు మీద బెంగుళూరు పెంకులు, దాని పక్కన మేం వరసగా పడుకున్న పెద్ద గది, దాని పైకప్పుకి టేకు దూలాల మీద ఇటుకా సున్నం పరిచిన పాత మద్రాసు డాబా.

పాత పిల్లలం పాతికమందిమి మూడేళ్ళుగా ఆదివారాలు వెళ్ళి మా చేతనైన పని చేస్తున్నాం. పోయినేడు వానలకి ముందు హాలు ఉత్తరపు గోడకి పాత సున్నపు పూత చెక్కేసి సిమెంటు పూత వేయించాం. తలా కాస్త వేసుకుని 58 వేలు పెట్టాం. సంక్రాంతికి వెళ్ళి చూస్తే గోడ పొట్ట ఉబ్బినట్టుంది. గోరు పెడితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. వెనక ఇటుక తడిగా ఉంది, వేలితో నొక్కితే ఎర్రటి పొడి రాలింది. అడుగునుంచి నడుమెత్తు దాకా చౌడు.

కాంట్రాక్టర్‌ని పిలిస్తే వచ్చి అయిదు నిమిషాలు చూసి, ఇది పోయిందండి, పడగొట్టి స్లాబు వేసుకోండి, 22 లక్షలవుతుంది అన్నాడు. కమిటీ వాళ్ళు కూడా అటే మొగ్గుతున్నారు. మా దగ్గరున్నది 3 లక్షల 40 వేలు. ఆ గోడ నిజంగా పోయినట్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. రాత్రుళ్ళు ఇదే టెన్షన్.

తాపీమేస్త్రి_కొడుకు
గోడ పోలేదు. గోడకి ఊపిరాడటం లేదు. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి తడి పీల్చి పైనుంచి వదిలేస్తూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి రావడానికి దారి లేక లోపలే ఉండిపోతుంది, నీటితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే పేరుకుని ఇటుకని పొడి చేస్తుంది. మా నాన్న నలభై ఏళ్ళు తాపీ పని చేశాడు, పాత మిద్దెలకి సిమెంటు తాకించేవాడు కాదు. ముందు ఆ సిమెంటు మొత్తం తీసేయండి. తీసి ఊరికే వదిలేయండి, ఆరనివ్వండి.

కోనసీమకొబ్బరి
అందరికీ పాత కట్టడాల మీద ప్రేమ ఉంటుంది, నాకూ ఉంది. కానీ లోపల పడుకునేది పిల్లలు. ఆ డాబా దూలం ఒక్కటి జారినా పాతికమంది కిందుంటారు. 1996 నవంబరు తుఫానుకి మా పెంకుటిల్లు మొత్తం లేచిపోయి, మా నానమ్మ మంచం కింద దూరి బతికింది. స్లాబు వేసుకోండి, నిశ్చింతగా పడుకోండి.

గోదారిగట్టు
కొబ్బరి అన్నా, ఆ గదిలో ఇప్పుడు ఎవర్నీ పడుకోబెట్టడం లేదు. రెండేళ్ళుగా తాళమే. పిల్లలు పక్కన కొత్త బిల్డింగులో ఉంటున్నారు. భోజనాలు మాత్రం హాల్లోనే.

వర్షిణి_ఆర్కి
పాత ఇళ్ళ రిపేర్లే నా పని, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

గోడ దగ్గరికి వెళ్ళకముందు వాన ఎక్కడ పడుతోందో, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. నేను చూసిన పది పాత ఇళ్ళలో ఎనిమిదింటికి జబ్బు గోడలో ఉండదు, చూరులో ఉంటుంది. పెంకు పగిలి చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతుంటాయి, పక్కన కాలవ పూడిపోయి ఉంటుంది, లేకపోతే ఎవరో మంచి ఉద్దేశంతోనే గోడ చుట్టూ సిమెంటు గచ్చు చేయించి ఉంటారు. ఆ గచ్చు కింద నేల ఎప్పటికీ ఆరదు, ఆ తడంతా గోడెక్కుతుంది. మీది ఉత్తరపు గోడ అంటున్నారు, ఎండ తక్కువ. నడుమెత్తు దాకానే చౌడు అంటున్నారు, అంటే తడి కింద నుంచి వస్తోంది. కాబట్టి మొదటి పని కాలవ. ఆ తరవాత పెంకులు. ఆ తరవాతే పూత.

డాబా సంగతి వేరు, దాన్ని ఫోటో చూసి చెప్పకూడదు. మద్రాసు డాబాకి ప్రాణం దూలాల కొనల్లో ఉంటుంది, గోడలోకి దూరిన ఆ జానెడు ముక్కలో. చెదలు, కుళ్ళు మొదలయ్యేది అక్కడే. ఒక సన్నటి ఇనప చువ్వ తీసుకుని ప్రతి దూలం కొనలో గుచ్చి చూడాలి. టేకు గట్టిగా ఉంటే చువ్వ దిగదు. దిగిందంటే ఆ దూలం మార్చాల్సిందే. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకాయన వచ్చి కాగితం మీద రాసి సంతకం పెట్టేదాకా కొబ్బరి గారి మాటే నా మాట, ఆ గదిలోకి పిల్లల్ని పోనివ్వద్దు.

పడగొట్టమని అయిదు నిమిషాల్లో చెప్పినాయన దూలంలో చువ్వ గుచ్చాడా?

గోదారిగట్టు
లేదు అక్కా. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచి చూసి వెళ్ళాడు.

పెంకుటిల్లు
చెప్పులు విప్పితే 22 లక్షలు 25 అయ్యేవేమో 🙂

లెక్కలమాస్టారు
ఆ స్థలం ఎవరి పేరున ఉంది? సొసైటీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందా? పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కింద హోమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఇది పట్టించుకోకుండా డబ్బులు పోసి కట్టిన తరవాత పర్మిషన్ లేదని పిల్లల్ని తీసుకెళ్ళిపోయిన చోటు నేను కళ్ళారా చూశాను. బాగా స్థిరపడినవాళ్ళు ఇచ్చిన డబ్బంతా ఖాళీ గదుల్లో పడి ఉంది.

గోదారిగట్టు
స్థలం సొసైటీ పేరునే ఉంది మాస్టారూ, పాత దానపత్రం కూడా ఉంది. హోమ్ రిజిస్ట్రేషన్ ఉంది, వచ్చే ఏడు రెన్యువల్. ఆ ఇన్‌స్పెక్షన్ అప్పటికి హాలు బాగుండాలనే ఈ హడావుడి.

ఇల్లేముఖ్యం
పిల్లల రక్షణ పనిలో పదకొండేళ్ళు చేశాను. నా మాట చాలామందికి నచ్చదు, అయినా చెప్తాను. గోడకి సున్నమా సిమెంటా అని ఇంత మాట్లాడుకుంటున్నాం, అసలు ఆ 22 మంది పిల్లలు అక్కడ ఎందుకున్నారో ఎవరైనా అడిగారా? చట్టంలోనే ఉంది, హోమ్‌లో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక ఆఖరి దారి కావాలని. నేను చూసిన హోముల్లో సగానికి పైగా పిల్లలకి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల తెచ్చి వదిలారు. కేంద్రం పిల్లల రక్షణ పథకం మిషన్ వాత్సల్యలో అలాంటి కుటుంబానికి నెలకి 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, పిల్లని ఇంట్లోనే ఉంచి చదివించుకోవడానికి. అప్లికేషన్ పెట్టించే మనిషి లేక చాలామందికి అందడం లేదు. మీ పాతికమంది ఆదివారాలు ఆ ఫారాలు నింపితే ఆ గోడ కంటే ఎక్కువ కడతారు.

ఓల్డ్‌బాయ్41
పైన రాసినవారికి.

మా అమ్మ నన్ను ఆ గేటు దగ్గర వదిలినప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న లేడు. అమ్మ రొయ్యల చెరువుల మీద కూలికి పోయేది, రాత్రి కాపలా కూడా ఆమే. నన్ను గట్టు మీద పడుకోబెట్టుకునేది. ఒక రాత్రి నేను నిద్రలో చెరువులోకి దొర్లాను. ఆ మర్నాడే తీసుకొచ్చి వదిలింది. అప్పుడు ఎవరూ 4000 ఇస్తామని రాలేదు. ఆ హాల్లో తొమ్మిదేళ్ళు అన్నం తిన్నాను. నా కంచం నంబరు 41, గోడకి మేకు, మేకు కింద నల్ల రంగుతో నంబరు. ఇప్పటికీ ఎక్కడ 41 కనపడినా అది నాదే అనిపిస్తుంది. ఆ గోడ నాకు ఊరికే ఇటుకలు కాదండి.

ఇల్లేముఖ్యం
అన్నా, మీ అమ్మ చేసింది తప్పని నేను అనలేదు, అననూ అనను. అప్పుడు ఆమెకి వేరే దారి లేదు. ఆ దారి ఇప్పుడుంది, అది అందరికీ అందాలనే నా ఆవేశం. ఎవరూ లేని పిల్లలకి, ఇంట్లోనే ప్రమాదం ఉన్న పిల్లలకి హోమ్ ఎప్పుడూ కావాలి. అది మంచి హోమ్ అయ్యుండాలి. అంతవరకు మనిద్దరిదీ ఒకే మాట.

ఓల్డ్‌బాయ్41
అర్థమయ్యింది. అక్కా అని పిలవచ్చా.

ఇల్లేముఖ్యం
పిలువు తమ్ముడూ.

నైట్‌డ్యూటీ
చదువుతుంటే గొంతు పట్టేసింది. మా మేనమామది 1977 దివిసీమ ఉప్పెన. ఇంట్లో అందరూ పోయి ఒక్కడే మిగిలాడు, ఒక హోమ్‌లో పెరిగి రైల్వేలో చేరి మొన్న రిటైరయ్యాడు. ఇప్పటికీ కంచంలో మెతుకు వదలడు.

సరూర్‌నగర్_సూరి
హైదరాబాద్ మెట్రోలో ఎల్బీనగర్ వైపు వెళ్ళేటప్పుడు విక్టోరియా మెమోరియల్ అని స్టేషన్ వస్తుంది కదా. రోజూ వేలమంది ఆ అనౌన్స్‌మెంట్ వింటారు. అది ఆరో నిజాం కాలపు ప్యాలెస్‌లో నడిచిన అనాథ పిల్లల హోమ్ పేరని ఎంతమందికి తెలుసు? గుంటూరులో 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు పెట్టిన శారదా నికేతన్ కూడా అలాంటి తరానిదే, అది ఆడవాళ్ళ కోసం. మన దగ్గర గుళ్ళకి, కోటలకి ఉన్న గుర్తింపు ఇలాంటి చోట్లకి లేదు. వాటి గోడల కోసం ఎవరో ఒకరు ఇలా ఆదివారాలు వెళ్ళకపోతే ఒక్కటీ మిగలదు.

డల్లాస్‌పిల్ల
నేను డబ్బు పంపుతాను. ఇక్కడ మా తెలుగు ఫ్రెండ్స్ ఆరుగురం కలిస్తే 5000 డాలర్లు అవుతుంది. అకౌంట్ నంబరు మెసేజ్ పెట్టండి, ఈ రాత్రే పంపేస్తా.

లెక్కలమాస్టారు
ఆగమ్మా, ఆగు. మీ ఆరుగురిలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళెవరు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళెవరు? ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే. పౌరసత్వం మారినవాళ్ళు పంపితే మాత్రం అది విదేశీ విరాళమే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానికి సొసైటీకి విదేశీ విరాళాలు తీసుకునేందుకు కేంద్రం ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తరవాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన అకౌంట్‌లోకే రావాలి. అది లేకుండా మామూలు అకౌంట్‌లో పడితే నువ్వు చేసిన మంచి పని వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది.

డల్లాస్‌పిల్ల
అయ్యో, ఇది నాకు తెలీదు మాస్టారూ. నాకు, ఇంకో ఇద్దరికి ఇండియన్ పాస్‌పోర్టే. మిగతా ముగ్గురూ మారిపోయారు.

లెక్కలమాస్టారు
అయితే మీ ముగ్గురే పంపండి, పాస్‌పోర్టు కాపీ జతచేసి రసీదు తీసుకోండి. మిగతా ముగ్గురూ ఇండియాలో ఉన్న అమ్మానాన్నల చేత వాళ్ళ సొంత డబ్బు ఇప్పిస్తే అది వేరే సంగతి, తమ డబ్బుని వాళ్ళ చేతిగుండా తిప్పి పంపొద్దు. ఇంకోటి, ఇక్కడివాళ్ళకి: విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే 2000 రూపాయలు దాటిన నగదు పనికిరాదు. చెక్కో, ఫోన్‌పేనో.

పెంకుటిల్లు
మాస్టారు క్లాసులో కూర్చున్నట్టే ఉంది, బెంచీ ఎక్కించకండి.

గోదారిగట్టు
సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ లేదు. మీరు చెప్పకపోతే తెలియక తీసేసుకునేవాళ్ళం. చాలా థ్యాంక్స్ మాస్టారూ.

నిన్న ఆదివారం పద్నాలుగుమంది వచ్చారు. వర్షిణి అక్క చెప్పినట్టు ముందు కాలవ చూశాం. అక్కడ కాలవ ఉందనే మాకు తెలీదు! పార పెడితే మూరెడు లోతున పాత రాతి కాలవ తగిలింది, మొత్తం మట్టి, ప్లాస్టిక్ సంచులు, మేం చిన్నప్పుడు పోగొట్టుకున్న గోళీలు. సగం తవ్వాం. హాలు చూరు కింద పదిహేడు పెంకులు పగిలి ఉన్నాయి. నీళ్ళు నేరుగా గోడ మొదట్లోనే పడుతున్నాయి.

మనవాళ్ళు పని చేస్తున్న ఫోటోలు ఇక్కడ ఒక ఆల్బమ్‌గా పెట్టాను, చూడండి.

ఇల్లేముఖ్యం
ఆ ఆల్బమ్‌లో నాలుగో ఫోటో, తొమ్మిదో ఫోటో వెంటనే తీసేయండి. పిల్లల మొహాలు కనిపిస్తున్నాయి. హోమ్‌లో ఉండే పిల్లల్ని గుర్తుపట్టేలా ఫోటో, పేరు, స్కూలు ఏదీ బయట పెట్టకూడదు, చట్టంలో సెక్షన్ 74 అదే. చట్టం సంగతి పక్కన పెట్టినా, రేపు ఆ పాప పెద్దయ్యి ఉద్యోగానికి వెళ్ళినచోట ఎవరో ఈ ఫోటో తీసి చూపిస్తే ఎలా ఉంటుంది?

గోదారిగట్టు
తీసేశాను అక్కా. క్షమించండి. ఇకనుంచి మా చేతులు, గోడ తప్ప ఇంకేం తీయం.

ఓల్డ్‌బాయ్41
స్కూల్లో మమ్మల్ని "హోమోళ్ళు" అనేవాళ్ళు. అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

కోనసీమకొబ్బరి
గోడ సంగతికి వద్దాం. మా ఇంటికి పాత సున్నపు గోడ మీదే ముప్ఫై ఏళ్ళ కింద సిమెంటు పూశారు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాబట్టి సిమెంటు అంటే విషం అన్నట్టు మాట్లాడకండి.

తాపీమేస్త్రి_కొడుకు
మీ ఇల్లు మెరక మీద ఉంటుంది అన్నా, లేదా పునాది కింద రాయి ఉండి ఉంటుంది. తడి ఎక్కని గోడకి ఏది పూసినా నిలబడుతుంది. వీళ్ళది డెల్టా, అయిదడుగులు తవ్వితే నీళ్ళు.

కోనసీమకొబ్బరి
మెరకే. మూడడుగుల రాతి అరుగు మీద ఉంది. సరే ఒప్పుకున్నా.

గోదారిగట్టు
సున్నం ఎక్కడ దొరుకుతుంది? షాపులో పాకెట్ సున్నం తెచ్చి కలిపేస్తే సరిపోతుందా? సున్నం నలిపే గానుగ ఎక్కడుంది ఈ రోజుల్లో?

తాపీమేస్త్రి_కొడుకు
పాకెట్ సున్నం వెల్ల వేసుకోవడానికి. మీకు కావలసింది బట్టీలో కాల్చిన గుల్ల సున్నం గానీ రాతి సున్నం గానీ, చల్లార్చనిది. అది తీసుకొచ్చి తొట్టిలో నీళ్ళు పోసి అందులో సున్నం వేయాలి. సున్నంలో నీళ్ళు కాదు, నీళ్ళలో సున్నం. అది కుతకుత ఉడుకుతుంది, చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వద్దు, పిల్లల్ని ఆ రోజు ఆ పక్కకే పంపొద్దు. మా బాబాయికి ఎడమ కన్ను అలాగే పోయింది.

చల్లారిన సున్నం మీద నీళ్ళు నిలబెట్టి కనీసం పదిహేను రోజులు నాననివ్వాలి. నెల ఆగితే ఇంకా మంచిది. గట్టి పెరుగులా వెన్నలా తయారవుతుంది, అప్పుడు తీయాలి. ఇంకో పక్క కరక్కాయలు దంచి బెల్లంతో కలిపి కుండలో నీళ్ళల్లో వారం నానబెట్టాలి, పులిసిన వాసన వస్తుంది, ఆ నీళ్ళే కలపడానికి వాడాలి. ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్ళు ఏటి ఇసుక. సముద్రపు ఇసుక చచ్చినా వద్దు, మళ్ళీ ఉప్పే. గానుగ లేకపోతే రోలర్ మిక్సర్ అద్దెకి దొరుకుతుంది, చక్రాలు తిరిగి నలిపేది. నలగాలి, అదే ముఖ్యం. పిసికితే వేళ్ళ మధ్య నుంచి జిగురుగా జారాలి.

పెంకుటిల్లు
మా తాతయ్య కాలంలో మద్రాసు డాబాకి కంకర, సున్నం పరిచి ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళట, బెల్లం నీళ్ళు చల్లుకుంటూ, పాటలు పాడుకుంటూ. చెక్క దెబ్బకి తాళం కుదరాలని పాట. అమ్మమ్మకి రెండు పాటలు ఇంకా వచ్చు.

వర్షిణి_ఆర్కి
అమ్మమ్మ చేత ఫోన్‌లో రికార్డ్ చేయించండి, ఆలస్యం చెయ్యకండి.

మేస్త్రి కొడుకు గారు చెప్పిన కొలతలు బాగున్నాయి, నేను చిన్న మాట చేరుస్తాను. మొత్తం గోడకి ఒకేసారి పూయకండి. ముందు ఆరడుగులు బై నాలుగడుగులు ముక్క ఒక్కటి చేసి ఒక వానాకాలం చూడండి. ఒక్కో పూత అరంగుళం దాటకూడదు, రెండు పూతలకి మధ్య బాగా ఆగాలి. ఎండ నేరుగా తగలకుండా గోనె పట్టా తడిపి వేలాడదీయండి, పది పదిహేను రోజులు తడి ఆరనివ్వకూడదు. సిమెంటు పని అలవాటైన మేస్త్రికి ఇక్కడే ఓపిక పోతుంది.

గోదారిగట్టు
ఏడు వారాల తరవాత రాస్తున్నాను. కాలవ మొత్తం తవ్వేశాం, చెరువు దాకా నీళ్ళు పోతున్నాయి. పెంకులు పాతవే దొరికాయి, పక్క ఊళ్ళో రైస్ మిల్లు గోడౌన్ పడగొడుతుంటే 400 పెంకులు ఊరికే ఇచ్చారు, ఆటో కిరాయి మాత్రం మాది. సిమెంటు పూత అంతా తీసేశాం. ఇటుకల్లో పొడి అయినవి అరవై దాకా ఉన్నాయి, మార్చాలి. గోడ ఆరుతోంది, చెయ్యి పెడితే తేడా తెలుస్తోంది.

ఇంజనీరు గారొకరు డబ్బు తీసుకోకుండా వచ్చి డాబా చూశారు. పద్నాలుగు దూలాల్లో నాలుగింటి కొనలు పోయాయి. మిగతా పదింట్లో చువ్వ దిగలేదు. పడగొట్టక్కర్లేదని కాగితం మీద రాసిచ్చారు. నాలుగు దూలాలు మార్చి, మిగతావాటి కొనల కింద ఇనప బ్రాకెట్లు పెట్టమన్నారు. ఆ పని మాత్రం మేం చెయ్యం, చేతనైన మేస్త్రులకే ఇస్తాం. మొత్తం అంచనా 9 లక్షల లోపు.

కోనసీమకొబ్బరి
కాగితం ఉంది కాబట్టి నేనిక మాట్లాడను. నాలుగు దూలాల్లో ఒకటి నాది. టేకు కోత మిల్లు మా బావమరిదిది, మంచి కలప చూసి పంపిస్తా.

లెక్కలమాస్టారు
రసీదు రాయించుకో కొబ్బరీ.

ఇల్లేముఖ్యం
ఒక ఆలోచన. ఆ పెద్ద గది బాగయ్యాక దేనికి వాడతారు? పిల్లలందరూ కొత్త బిల్డింగులో ఉన్నారు కదా. రూల్స్ ప్రకారం పాతికమందికి వెయ్యి చదరపు అడుగుల పడక గది ఉండాలి, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది. అవన్నీ అక్కడ ఉన్నాయంటే మళ్ళీ ఇంకో ముప్ఫైమందిని చేర్చుకోవడానికి ఈ గది వాడొద్దని నా మనవి.

పద్ధెనిమిది నిండగానే పెట్టె సర్దుకుని బయటికి వచ్చేసేవాళ్ళ సంగతి చూడండి. వాళ్ళకి 21 ఏళ్ళు వచ్చేదాకా సాయం చెయ్యాలని చట్టంలో ఉంది, ఆఫ్టర్‌కేర్ అంటారు. చాలా చోట్ల అది కాగితం మీదే. ఆ గదిని, వేరే గుమ్మం పెట్టి చిన్నపిల్లల నుంచి విడిగా, అలాంటివాళ్ళకి ఇవ్వచ్చేమో జిల్లా బాలల రక్షణ యూనిట్‌ని అడగండి. నర్సింగు, ఐటీఐ చదివే పిల్లలకి సెలవుల్లో వెళ్ళడానికి ఇల్లుండదు.

ఓల్డ్‌బాయ్41
పదో తరగతి అయ్యాక నేను కాలేజీ హాస్టల్లో చేరాను. మొదటి సంక్రాంతి సెలవులకి హాస్టల్ మూసేశారు. ఎక్కడికెళ్ళాలో తెలీక రెండు రాత్రులు బస్టాండులో పడుకున్నాను, మూడో రోజు వాచ్‌మన్ తాత తన గదిలో చోటిచ్చాడు. అమ్మ అప్పటికి లేదు. ఈ గది అప్పుడుండి ఉంటే.

అక్క చెప్పినట్టు చెయ్యండి. నా రెండు నెలల జీతం దీనికే.

గోదారిగట్టు
కమిటీ మీటింగులో పెట్టాం. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, పెద్దపిల్లలు చిన్నపిల్లలు ఒకే ఆవరణలో వద్దని. అది తప్పు అనుమానమేమీ కాదు. గుమ్మం రోడ్డు వైపు పెట్టి మధ్యలో గోడ వస్తే సరేనన్నారు. జిల్లా ఆఫీసులో అప్లికేషన్ ఇచ్చాం, వాళ్ళొచ్చి చూసి చెప్తారట.

సరూర్‌నగర్_సూరి
కమిటీ పెద్దల భయం కూడా పిల్లల కోసమే. ఆ గోడ కట్టేయండి, వాదన అయిపోతుంది.

గోదారిగట్టు
మొన్న ఆదివారం హాలు తూర్పు గోడకి వెల్ల పొరలు గీకుతున్నాం. ఈ గోడకి సిమెంటు తగల్లేదు, పాత సున్నమే. గరిటెతో మెల్లగా తీస్తుంటే నాలుగో పొర కింద నల్లటి మరక కనిపించింది. తడి గుడ్డతో అద్దితే 17 అని అంకె. దాని పక్కన 18. దాని పైన తుప్పు పట్టిన మేకు మొదలు. అందరం గరిటెలు పక్కన పడేసి చేతులతో తుడిచాం. 1 నుంచి వరసగా రెండు వరసల్లో 60 దాకా ఉన్నాయి. కొన్ని సగం పోయాయి, 33, 52 అసలు లేవు. ఒక్కో అంకె ఒక్కో చేతిరాత, ఎవరి కంచం నంబరు వాళ్ళే రాసుకున్నట్టున్నారు, 9 ఒకటి తిరగబడి ఉంది.

41 అన్నా, నీది కింది వరసలో కిటికీ పక్కనుంది. మేకు కూడా ఉంది, కొంచెం వంగింది.

ఓల్డ్‌బాయ్41
వంచింది నేనే. కంచం కింద పడి చప్పుడైతే తిడతారని, జారకుండా రాయితో కొట్టి పైకి వంచాను.

తాపీమేస్త్రి_కొడుకు
ఆ గోడకి మళ్ళీ వెల్ల వెయ్యకండి దయచేసి.

వర్షిణి_ఆర్కి
అంకెల మీద ఏ వార్నిష్ కూడా పూయొద్దు, గోడకి మళ్ళీ ఊపిరి ఆగిపోతుంది. చుట్టూ సున్నపు పూత అంచు కట్టి, అంకెలున్న భాగం అలాగే వదిలేయండి. పిల్లల తలలు, కుర్చీలు రాసుకోకుండా రెండడుగుల ఎడంగా ఒక కర్ర కమ్మీ చాలు.

గోదారిగట్టు
అలాగే చేస్తాం అక్కా. పిల్లలు అప్పుడే ఒక్కొక్కరు ఒక్కో నంబరు తమదని పంచేసుకున్నారు. 41 కోసం ఇద్దరు కొట్టుకున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి సున్నం తొట్టి తీస్తున్నాం, ముప్ఫై ఒకటో రోజు. ఉత్తరపు గోడకి మొదటి ముక్క, ఆరు బై నాలుగు. గానుగ మిక్సర్ శనివారం రాత్రికే వస్తుంది. కళ్ళద్దాలు పన్నెండే ఉన్నాయి, వచ్చేవాళ్ళు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. కరక్కాయలు ఇంకో రెండు కిలోలు కావాలి, రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్ళు పచారీ షాపులో అడగండి. మధ్యాహ్నం భోజనం హాల్లోనే, పిల్లలతో కలిసి.

ఓల్డ్‌బాయ్41
శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా. కరక్కాయలు నేను తెస్తాను.